తెల్ల బేసిన్

మరియాపురం,
పామర్రు పోస్టు.
18-3-1996

చెల్లెలు తెరేసమ్మకు అన్న మరియదాసు దీవెనలు.

ఏసు మరియ జోజప్పల చల్లని చూపువల్ల మేమిక్కడ బాగానే ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో కిందటి ఉత్తరంలో రాయలేదు. పాతికేళ్ళుగా ఆసుపత్రిలో ఆయాగా చేస్తూ పేటలో అందరి నొప్పులకూ మందు చెబుతావు. నీ నొప్పి మాత్రం నీకు గుర్తుండదు.

ముందు నీ లెట్రిన్ సంగతి రాస్తాను. నా పెరట్లో ఉన్నా దాన్ని నాదని అనలేను. క్రిస్మస్‌కు వచ్చి మూడు రోజులు నన్ను నిలవనీయలేదు. "ఇరవై రెండేళ్ళుగా ఈ పేటకు ఉపదేశివి. ఫాదర్ గారు రాని ఆదివారం గుళ్ళో ప్రార్థన నడిపేవాడివి. చెంబు పుచ్చుకుని కాలవగట్టున కూర్చోవడానికి సిగ్గులేదా అన్నయ్యా" అన్నావు. వరలు దింపించి, తాపీమేస్త్రీని కుదిర్చి గాని బెజవాడ బస్సు ఎక్కలేదు. నీలం రంగు బేసిన్ అయితే మురికి కనపడదని పామర్రు కొట్టతను ఎంత చెప్పినా వినకుండా తెల్లదే పట్టుకొచ్చావు. మీ వదిన దాన్ని రోజూ కొబ్బరిపీచుతో తోముతోంది. నేను అన్నం తినే పళ్ళేన్ని కూడా అంత శ్రద్ధగా తోమదు. పేటలో ఆడవాళ్ళు వచ్చి తలుపు తీసి చూసి, మెచ్చుకుని, మళ్ళీ గట్టుకే వెళుతున్నారు.

ఇక రెండో సంగతి. అన్న చెల్లెలికి రాయదగినది కాదు. అయినా ఆసుపత్రి మనిషివి, నీకు గాక ఇంకెవరికి రాయను? లోపల కూర్చోవడం మొదలుపెట్టిన రెండో వారంలో బేసిన్‌లో ఎర్రగా కనపడింది. ముందురోజు తిన్న బీట్‌రూట్ కూర అనుకున్నాను. మీ వదినను అడిగితే ఆ వారంలో బీట్‌రూటే వండలేదంది. ఆ తర్వాత రెండు మూడు రోజులకోసారి కనపడుతూనే ఉంది. నొప్పి లేదు. నలభై తొమ్మిదేళ్ళు గట్టుకు పోయాను, ఏనాడూ ఇలాంటిది చూడలేదు.

పక్కింటి శౌరయ్య బాబాయికి చెప్పాను. ఆయన ఒకటే మాట అన్నాడు. "ఒరే ఉపదేశీ, గట్టు మీదైతే ఒంటికి గాలి తగిలేది. ఈ సిమెంటు రేకు కింద వేడంతా ఒంట్లోకి ఎక్కి మొలలు లేచాయి. దీనికి మందెందుకు, ఆ గదిలో కూర్చోవడం మానెయ్యి" అన్నాడు. నాకూ ఆ మాట సబబుగానే తోస్తోంది. నువ్వేమంటావో రాయి.

మీ వదిన నిన్ను మరీ మరీ అడిగానని రాయమంది.

ఇట్లు
నీ అన్న
మరియదాసు


విజయవాడ,
2-4-1996

అన్నయ్యకు, వదినకు తెరేస వందనాలు.

నీ ఉత్తరం చదివి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. నాలుగు గోడల మధ్య కూర్చుంటే వేడి చేస్తుందా? అలాగైతే బెజవాడలో జనం అంతా ఈపాటికి మాడి మసైపోవాలి. శౌరయ్య బాబాయి ఇరవై ఏళ్ళుగా సిమెంటు రేకు కిందే పడుకుంటున్నాడు. ఆయనకేమైంది? నా లెట్రిన్‌ను అనకు. ఇంకేమైనా అను, పడతాను.

తెల్లది ఎందుకు కొన్నానో చెప్పనా. నేను వార్డులో చేరిన మొదటి రోజు పెద్ద సిస్టరమ్మ బెడ్‌పాన్ నా చేతికిచ్చి, "తెరేసా, పారబోసే ముందు చూడు, చూసింది మాకు చెప్పు" అంది. అప్పట్నుంచీ చూడకుండా పారబోసింది లేదు. కనపడకుండా ఉండాలని నీలం రంగు కొనుక్కునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నీది మొలలే, నాకు అనుమానం లేదు. మా ప్రసూతి వార్డులో బాలింతల్లో సగం మందికి ఇదే గోల. నాలుగు రోజులు ఎర్రగా పడుతుంది, పదో రోజుకు నవ్వుకుంటూ బిడ్డను చంకనేసుకుని ఇంటికి పోతారు. పచ్చిమిరపకాయ తగ్గించు, మజ్జిగ బాగా తాగు, అరటిపండు తిను. తపస్సుకాలమని ఒంటిపూట తిండితో ఉంటావు, అందుకే మలం గట్టిపడి ఉంటుంది. ఈస్టరు అయ్యాక వీలుంటే ఒకసారి రా, ఇక్కడ డాక్టరుకు చూపిద్దాం. వీలుకాకపోతే కంగారేం లేదు.

లెట్రిన్ మాత్రం మానకు. నువ్వు మానేస్తే పేటలో ఇంకెవ్వరూ కట్టుకోరు. మా వార్డులో అందరికీ చెప్పుకున్నాను, మా అన్నయ్య మా పేటకంతా ముందుగా కట్టుకున్నాడని.

నీ చెల్లెలు
తెరేస


మరియాపురం,
20-6-1996

చిరంజీవి తెరేసకు అన్న దీవెనలు.

ఈస్టరు తర్వాత రాలేకపోయాను. పిల్లల మొదటి సత్ప్రసాదానికి జ్ఞానోపదేశం తరగతులు, ఆ వెంటనే నారుమడులు. ఈ ఏడు కాలవకు నీళ్ళు తొందరగానే వదిలారు.

నీకు సంతోషం కలిగించే మాట ఒకటి, కష్టం కలిగించే మాట ఒకటి ఉన్నాయి. సంతోషం ముందు రాస్తాను. రక్తం ఆగిపోయింది. నెల దాటింది, చుక్క కనపడలేదు.

ఇక కష్టమైన మాట. కోప్పడకు. శౌరయ్య బాబాయి చెప్పింది చేశాను. మే నెల మొదట్లో ఒక వారం విపరీతంగా పడింది. మీ వదిన భయపడిపోయి ఏడ్చింది. మర్నాటినుంచి తెల్లవారకముందే, చీకటితోనే గట్టుకు వెళ్ళడం మొదలుపెట్టాను. మొదటి రోజునుంచే ఆగిపోయింది. చెప్పినా నమ్మవు గాని, నా ఒంటికి ఆ గది పడలేదు. కొందరికి వంకాయ పడదు, నాకు లెట్రిన్ పడలేదు అనుకో.

వానలు వస్తున్నాయని మీ వదిన అందులో పిడకలు పేర్చింది. చినుకు పడకుండా భద్రంగా ఉన్నాయి. తలుపుకు గొళ్ళెం పెట్టి ఉంచాం. నీ తెల్ల బేసిన్ మీద గోనెపట్టా కప్పాం, పాడవదులే.

నా ఒళ్ళు బాగానే ఉంది. కాకపోతే ఇదివరకు పొద్దున ఒక్కసారి వెళ్ళేవాణ్ణి, ఇప్పుడు మూడుసార్లు వెళ్ళవలసి వస్తోంది. వెళ్ళొచ్చాక కూడా ఇంకా మిగిలి ఉన్నట్టే ఉంటుంది. యాభై నిండుతున్నాయి, వయసు అనుకుంటున్నాను.

తప్పుగా అనుకోవద్దు.

నీ అన్న
మరియదాసు


విజయవాడ,
3-7-1996

అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. పిడకలు తడవకుండా భద్రంగా ఉన్నాయని తెలిసి సంతోషించాను.

ఆ లెట్రిన్ కోసం నేను ఎంతమందిని బతిమాలానో నీకు తెలియదు. డబ్బు సాయానికి ఫాదర్ గారి దగ్గర రెండుసార్లు చేతులు కట్టుకుని నిలబడ్డాను. మా వార్డులో గొప్పలు చెప్పుకున్నాను. ఇప్పుడు మన పేటనుంచి కాన్పుకు వచ్చిన పిల్ల, "మీ అన్నయ్యగారి లెట్రిన్‌లో పిడకలు పెట్టారండీ" అని అందరిముందూ చెప్పి నవ్వింది. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చదువుకున్నవాడివి, పదిమందికి చెప్పేవాడివి. శౌరయ్య బాబాయి మాట నీకు వేదమైంది, ఆసుపత్రిలో పాతికేళ్ళు పనిచేసిన నా మాట గాలికి పోయింది. నీ ఇష్టం. గట్టుకే పో. ఇకమీదట నీ దొడ్డి సంగతి, నీ మొలల సంగతి నాకు రాయకు. మిగతా విషయాలేవైనా ఉంటే రాయి.

తెరేసమ్మ


మరియాపురం,
28-12-1996

చెల్లెలు తెరేసమ్మకు అన్న దీవెనలు. క్రిస్మస్ శుభాకాంక్షలు.

దాదాపు ఆరు నెలలుగా నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. మధ్యలో ఒకటి రాద్దామనుకున్నాను. నువ్వు రాయొద్దన్న సంగతి రాయకుండా ఉత్తరం రాయడం చేతగాక ఊరుకున్నాను. ఇప్పుడూ అది రాయడంలేదులే. పండగకు వస్తావని మీ వదిన అరిసెలు విడిగా డబ్బాలో పెట్టి ఉంచింది. అవి నేనే తింటానన్నాను గాని సయించలేదు. డబ్బా అలాగే ఉంది.

పండగ బాగా జరిగింది. పశువుల పాక బాగా కట్టారు. బాలయేసును ఎత్తుకుని పేట చుట్టూ తిరిగేది ప్రతి ఏడూ నేనే గదా. ఈసారి సగం దూరం వెళ్ళాక ఆయాసం వచ్చి శౌరయ్య బాబాయి అరుగు మీద కూర్చుండిపోయాను. మీ వదిన తమ్ముడు అంతోని స్వరూపాన్ని అందుకుని మిగతా పేట తిప్పాడు. స్వరూపం బరువెంతని, చేరెడు మట్టిబొమ్మ. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

కొత్త చొక్కా కిందటేడు కొలతలకే కుట్టించారు. భుజాలు జారిపోతున్నాయి. ఒంట్లో రక్తం తక్కువగా ఉందని ఇక్కడి ఆరెంపీ డాక్టరు టానిక్కు రాశాడు. తాగుతున్నాను. ఎందుకు తగ్గిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకు వస్తాను. అప్పుడైనా మాట్లాడతావని ఆశ.

నీ అన్న
మరియదాసు


విజయవాడ,
22-1-1997

అన్నయ్యా,

ఈ ఉత్తరం అందగానే బయలుదేరు. తిరునాళ్ళ దాకా ఆగకు. మొదటి బస్సుకే రా. వదినను కూడా తీసుకురా.

నీ క్రిస్మస్ ఉత్తరం మూడు వారాలు నా ట్రంకుపెట్టెలో పడి ఉంది. విప్పలేదు. కోపం పోలేదని నీకు తెలియాలని విప్పలేదు, నువ్వు చూస్తున్నట్టు. నిన్న జరిగింది రాస్తాను. బెడ్‌పాన్లు కడిగే గదిలో బల్బు పోయింది. పగలే, కాని ఆ గదికి కిటికీ లేదు. చీకట్లోనే పారబోసేసి బయటికి వచ్చాను. కొత్తగా చేరిన నర్సు, నా కూతురి వయసుది, గుమ్మంలో నిలబడి ఉంది. "ఎలా ఉంది తెరేసమ్మా" అంది. "ఏం లేదమ్మా, బాగానే ఉంది" అన్నాను. "చీకట్లో ఏం కనపడిందని ఏం లేదంటున్నావు" అంది.

అప్పుడు చీకటితోనే గట్టుకు వెళ్ళిన మొదటి రోజునుంచే ఆగిపోయిందని నువ్వు రాసిన మాట గుర్తుకొచ్చింది. ఇంటికి వచ్చి నీ క్రిస్మస్ ఉత్తరం విప్పాను.

ఆగలేదు అన్నయ్యా. కనపడలేదు, అంతే. చీకట్లో కూర్చుని కాలవనీళ్ళతో కడుక్కుని వచ్చేవాడికి ఏం కనపడుతుంది? నలభై తొమ్మిదేళ్ళూ నువ్వు చూడలేదన్నావు. చూడలేదన్నావు గాని లేదనలేదు. నేను తెల్ల బేసిన్ పట్టుకొచ్చింది ఇందుకే. అది చెప్పవలసింది చెప్పింది. వినవలసినదాన్ని నేను. నీకేమవుతోందో చూడవలసింది పోయి నా లెట్రిన్ పరువు చూసుకున్నాను.

బాలింతలకు వచ్చేది మొలలని నీదీ మొలలే అన్నాను. పాతికేళ్ళ పిల్లకూ యాభై ఏళ్ళ మగవాడికీ ఒకే మాట చెప్పాను. ఈ రోజు పెద్ద డాక్టరు గారిని ఆపి అడిగాను. మూడుసార్లు వెళ్ళడం, మిగిలి ఉన్నట్టు అనిపించడం, చిక్కిపోవడం, ఆయాసం, అన్నీ చెప్పాను. ఆయన ముఖం మారింది. ఎన్నాళ్ళుగా అన్నాడు. పది నెలలని చెప్పాను.

నాకు రాయకు అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఏదైనా రాయి, ఎంతైనా రాయి. ముందు రా. శనివారందాకా నువ్వు రాకపోతే నేనే వచ్చి తీసుకుపోతాను.

తెరేస


మరియాపురం,
15-5-1997

చెల్లెలు తెరేసకు అన్న దీవెనలు.

బస్సులో కుదుపులకు కుట్లు కొంచెం నొప్పి పెట్టాయి గాని క్షేమంగా చేరాం. ఉయ్యూరు దగ్గర చెరుకు ఫ్యాక్టరీ వాసన వచ్చేసరికి ఇంటికి వచ్చేసినట్టే అనిపించింది. మూడు నెలలు నీ ఇంటిని ఆసుపత్రి చేశాం. నువ్వు వార్డులో చేసి వచ్చి ఇంట్లోనూ అదే పని చేశావు.

మలం పోవడానికి పొట్ట మీద సంచి పెట్టారు గదా, దాన్ని మార్చడం మీ వదినకు బాగా వచ్చింది. పలచటి సంచి, లోపలున్నదంతా కనపడుతుంది. చూడకుండా పారబోసే వీలే లేదు. మొత్తానికి నీ మాటే నెగ్గింది.

నువ్వు దాచినది నాకు తెలుసు తెరేసా. గడ్డ తీసేశారన్నావు. డాక్టరు గారు నిన్ను వసారాలోకి పిలిచి మాట్లాడి వెళ్ళాక నువ్వు లోపలికి వచ్చి దుప్పటి సర్దావు. సర్దిన దుప్పటినే మళ్ళీ సర్దావు. అప్పుడే తెలిసింది. కాలేయానికి పాకిందన్న మాట తర్వాత వేరేవాళ్ళ నోట విన్నాను. నువ్వు చెప్పనందుకు నాకు కోపం లేదు. నేనూ నీకు చాలా దాచాను.

ఒకటి మాత్రం మరిచిపోలేకుండా ఉన్నాను. మొదటి రోజు డాక్టరు గారు తొడుగు వేసుకుని వేలితో పరీక్ష చేశారు. నిమిషం కూడా పట్టలేదు. "చేతికి తగులుతోంది" అన్నారు. ఆ నిమిషం కోసం నేను పది నెలలు సిగ్గుపడ్డాను. ఉపదేశిని, పంచె విప్పి ఎలా పడుకోను అనుకున్నాను. ఇప్పుడు చూడు, ఎంతమంది చూశారో లెక్కలేదు.

వచ్చిన మూడో రోజు అంతోనిని పిలిచి లెట్రిన్‌లో పిడకలన్నీ బయట వేయించాను. బేసిన్ తోమించాను. తెల్లగానే ఉంది. కిందటి ఆదివారం ఫాదర్ గారు రాలేదు. ప్రార్థన అయ్యాక, ఎవరూ లేవకండి, ఈ రోజు పెద్దవాళ్ళకు జ్ఞానోపదేశం అన్నాను. పిల్లలకు వల్లె వేయించినట్టే ప్రశ్న, జవాబు, ముందు నేను చెప్పి వాళ్ళ చేత చెప్పించాను. రాత్రుళ్ళు నిద్రపట్టక కట్టుకున్నవి. నీకోసం రాస్తున్నాను, తప్పులుంటే దిద్దు.

ప్రశ్న: దొడ్డికి వెళ్ళినప్పుడు రక్తం కనపడితే అది ఎక్కడినుంచి వచ్చింది?
జవాబు: మనకు తెలియదు.
ప్రశ్న: శౌరయ్య బాబాయికి తెలుసునా?
జవాబు: తెలియదు.
ప్రశ్న: ఉపదేశికి తెలుసునా?
జవాబు: తెలియదు.
ప్రశ్న: మరి ఎవరికి తెలుస్తుంది?
జవాబు: పరీక్ష చేసిన డాక్టరుకు తెలుస్తుంది.
ప్రశ్న: నొప్పి లేకపోతే వెళ్ళనక్కరలేదా?
జవాబు: నొప్పి లేకపోయినా వెళ్ళాలి. మరియదాసుకు నొప్పి లేదు.
ప్రశ్న: ఆగిపోతే?
జవాబు: ఆగిపోయినా వెళ్ళాలి. అలవాటు మారినా, మనిషి చిక్కినా ఇంకా తొందరగా వెళ్ళాలి.
ప్రశ్న: ఏ పూటకా పూట పరుగెత్తవలసింది ఎప్పుడు?
జవాబు: ధారగా పోయినప్పుడు, తారులాగా నల్లగా వచ్చినప్పుడు, కళ్ళు తిరిగి పడినప్పుడు.

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. అలవాటు కొద్దీ ఆడా మగా అందరూ గొంతెత్తి జవాబులు చెప్పారు. మరియదాసుకు నొప్పి లేదు అని గుడంతా ఒక్కసారి అనేసరికి మీ వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. శౌరయ్య బాబాయి తల ఎత్తలేదు. ఆయన పేరు ఎత్తడం నా తప్పు. తర్వాత వెళ్ళి ఆయన అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను. "నేను నీ మంచికే చెప్పానురా" అన్నాడు. తెలుసు బాబాయ్ అన్నాను.

మర్నాడు అంతోని పశువుల కొట్టం దగ్గరికి వచ్చి, ఏడాదిగా తనకూ పడుతోందన్నాడు. అక్కకు కూడా చెప్పలేదట. పామర్రు పంపాను. పరీక్ష చేసి మొలలేనని చెప్పారు, మందిచ్చారు. మొలలేనని తేలినందుకు పేటంతా బెల్లంముక్క పంచాడు. నాకూ ఒకటి పెట్టాడు. ఆ బెల్లం నోట్లో పెట్టుకున్నప్పుడు మాత్రం దేవుణ్ణి ఒక మాట అడిగాను. ఏమని అడిగానో నీకు తెలుసు.

నీ అన్న
మరియదాసు


విజయవాడ,
2-6-1997

అన్నయ్యకు తెరేస వందనాలు.

నీ ప్రశ్నలూ జవాబులూ మా పెద్ద సిస్టరమ్మకు చదివి వినిపించాను. దిద్దేందుకు ఏమీ లేదంది. నాకు కాపీ రాసి ఇవ్వమంది.

నేను మాత్రం ఒకటి కలుపుతాను. ప్రశ్న: కనపడిందని చెప్పినవాడికి ఏమని జవాబు రాయాలి? జవాబు: రమ్మని. అంతకన్నా ఒక్క అక్షరం ఎక్కువ రాయకూడదు. మజ్జిగ తాగమని, వీలుంటే రమ్మని, కంగారేం లేదని రాయకూడదు. "వీలుంటే" అని రాసిన ఆ చెయ్యి నాకు రోజూ కనపడుతూనే ఉంది. బెడ్‌పాన్ పట్టుకున్నా అదే చెయ్యి, జపమాల పట్టుకున్నా అదే చెయ్యి.

డాక్టరు గారు నాతో ఏమన్నారో ఇప్పుడు దాచను. ఏడాది ముందు వచ్చి ఉంటే గడ్డ వరకే కోసి పంపేవాళ్ళమేమో అన్నారు. ఏమో అన్నారు, తప్పకుండా అనలేదు. ఆ ఏమోను పట్టుకుని నేను వేలాడుతున్నాను. ఒకరోజు అది నన్ను ఓదారుస్తుంది, ఒకరోజు చంపుతుంది.

ఇంకా ఏమైనా దాచావా అన్నయ్యా? ఉంటే రాసెయ్యి. నేను తట్టుకుంటాను.

శనివారం వస్తాను. సంచులు తెస్తాను.

తెరేస


మరియాపురం,
5-11-1997

తెరేసమ్మకు వదిన సంపూర్ణమ్మ ఆశీస్సులు. నాకు రాయడం రాదని నీకు తెలుసు. నేను చెబుతుంటే తమ్ముడు అంతోని రాస్తున్నాడు.

మృతుల పండగ నాడు నువ్వు రాలేకపోయావని బాధపడకు. మీ అన్న సమాధి కడిగి, సున్నం వేసి, బంతిపూలు పెట్టాం. పేటలో ప్రతి ఇంటివాళ్ళూ వచ్చి కొవ్వొత్తి వెలిగించారు. శౌరయ్య మామయ్య అందరికన్నా ముందు వచ్చి అందరికన్నా వెనక వెళ్ళాడు. ఈ మధ్య ఆయన కూడా పొద్దున్నే మన పెరట్లోకే వస్తున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకుంటాడు. నేనూ చూడనట్టే ఉంటాను. పేటలో మరో రెండిళ్ళవాళ్ళు కట్టుకుంటున్నారు. ఇద్దరూ తెల్లదే తెచ్చారు.

మీ అన్న జ్ఞానోపదేశం పుస్తకాన్ని కొత్త ఉపదేశికి ఇద్దామని తీశాను. మధ్యలో నీ పేరు రాసి అంటించిన ఇన్‌లాండ్ కవరు ఒకటి ఉంది. పోస్టులో వేయడం మరిచిపోయాడో ఏమో. మేము విప్పలేదు. నీకు రాసింది నీకే చేరాలని ఈ ఉత్తరంతోపాటు పెట్టి పంపుతున్నాను. కవరు పైన వేసిన తేదీ చూస్తే పాతదే, అందులో అవసరమైన సంగతులేవీ ఉండకపోవచ్చు.

ఒంటరిగా ఉన్నానని దిగులుపడకు. నువ్వు వేళకు తిను.

సంపూర్ణమ్మ


మరియాపురం,
14-9-1996

చెల్లెలు తెరేసకు అన్న దీవెనలు.

నువ్వు రాయొద్దన్న సంగతే రాస్తున్నాను, ఈ ఒక్కసారికి క్షమించు.

నిన్న వరిచేలో కలుపు తీయిస్తుంటే అర్జంటుగా వెళ్ళవలసి వచ్చింది. మిట్టమధ్యాహ్నం, మంచి ఎండ. చాలా రోజులకు వెలుతురులో చూశాను. రక్తం ఆగలేదు తెరేసా. ఎక్కువే ఉంది. రంగు కూడా ముదిరింది. గట్టు మీద చీకటిలో నాకు కనపడలేదంతే అని అప్పుడు తెలిసింది. నీ లెట్రిన్‌ను ఊరికే ఆడిపోసుకున్నాను. దాని తప్పేమీ లేదు. పేటలో అందరిముందూ ఆ మాట చెప్పి, పిడకలు తీసేయించి, నువ్వు తల ఎత్తుకునేలా చేస్తాను.

మీ వదినకు చెప్పలేదు, భయపడుతుంది. శౌరయ్య బాబాయికి చెప్పలేదు, నొచ్చుకుంటాడు. ఈ సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. నీకు చెబితే మళ్ళీ కోపం వస్తుందేమోనని నిన్నటినుంచి ఈ కవరు చేత్తో పట్టుకుని తిరుగుతున్నాను.

నేను ఆసుపత్రికి రావాలంటావా, ఇంకొన్నాళ్ళు చూడమంటావా? నాకు తెలియడంలేదు. నువ్వు రమ్మని ఒక్క ముక్క రాస్తే చాలు, మొదటి బస్సుకే వస్తాను.

నీ అన్న
మరియదాసు